ఆగిన గడియారమును విప్పుటకు ముందు

మారికుప్పం, ఊరుగాం, ఛాంపియన్ రీఫ్ ప్రాంతములలో మన పెద్దలకు కాలము రెండు విధముల తెలియుచుండెను. గనుల సైరను ఊరివారందరికిని వినబడునది. చేతి గడియారము కట్టుకొన్నవానికే కనబడునది. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతబడినవి, షిఫ్టులు పోయినవి. ఆ గడియారములు మాత్రము మన యిండ్లలో బీరువా అరలయందును, ట్రంకుపెట్టెల అడుగునను ఆగిన ముళ్ళతో ఉన్నవి. వానిని చూచిన పిల్లలు "తాతగారి గడియారమును మేము బాగుచేయవచ్చునా?" అని అడుగుదురు. చేయవచ్చును, కాని దానితో మాత్రము ఆరంభింపరాదు.

మనకు చేరువనే, బెంగుళూరున, హెచ్.ఎం.టి. సంస్థ జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారముతో 1961లో గడియారముల కర్మాగారమును నెలకొల్పినది. 2016లో కేంద్ర ప్రభుత్వము హెచ్.ఎం.టి. గడియారముల కంపెనీని మూసివేయుటకు నిర్ణయించినది. అయినను విస్తారముగా తయారైనవగుటచే పాడైన 'జనతా' గడియారములు నేటికిని పాత సామానుల అంగళ్ళలో దొరకును. చేయి తిరుగువరకు అట్టిదానిపై అభ్యసించుట మేలు.

కీ ఇచ్చినపుడు మెయిన్ స్ప్రింగు చుట్టుకొని బలమును దాచుకొనును. ఆ బలము పండ్లచక్రముల వరుసగుండా చివరి చక్రమును చేరును. పాలెట్ అను చిన్న కొక్కెము ఆ చక్రమును కొంచెము కొంచెముగా విడిచిపెట్టును. ఇటునటు ఊగు బ్యాలెన్సు చక్రము ఆ విడుదలకు లయ నిచ్చును. జనతాలో ఈ లయ గంటకు 18,000 దెబ్బలు, అనగా సెకనుకు 5, దినమునకు 4,32,000. ఇరుసుల కొనలు వెండ్రుకవలె సన్ననివి. అవి అరుగకుండుటకు కెంపురాళ్ళలో తిరుగును. పెద్దలు "పదిహేడు రాళ్ళ గడియారము" అని గొప్పగా చెప్పుకొనునది వీనిని గూర్చియే. బంగారపు ఊరివారు ఆశపడవలదు. అవి కృత్రిమ కెంపులు, వాని వెల స్వల్పము.

ఆగిన గడియారములలో పెక్కింటికి ఏ భాగమును విరిగియుండదు. నూనె ఎండి, దుమ్ముతో కలిసి జిగురైయుండును. కావున పని ప్రధానముగా శుభ్రపరచుటయే.

మూత తీసిన పిమ్మట మొదట చేయవలసినది స్ప్రింగు బలమును వదలుట. స్ప్రింగును వెనుకకు తిరుగనీయని క్లిక్ అను చిన్న నాలుక యొకటి కలదు. కీ గుండీని వ్రేళ్ళతో గట్టిగా పట్టుకొని, ఆ నాలుకను పుల్లకొనతో ప్రక్కకు జరిపి, గుండీని మెల్లమెల్లగా వెనుకకు తిరుగనీయవలెను. ఇది మరచి పాలెట్‌ను ఊడదీసినచో చక్రములన్నియు ఒక్కసారిగా గిర్రున తిరిగి పండ్లు, ఇరుసులు విరుగును. నేర్చుకొనువారు చెరుపు గడియారములలో అధికభాగము ఈ తొందరపాటు వలననే చెడునని నా అభిప్రాయము.

ఒక్కొక్క భాగము తీయుటకు ముందు ఫోను కెమెరాతో చిత్రము తీసికొనవలెను. స్క్రూలు కంటికి ఒకేవిధముగ కనబడినను పొడవులు వేరు. క్రింద తెల్లని గుడ్డ పరచుట మంచిది. శ్రావణము జారి ఎగిరిన స్ప్రింగును సిమెంటు నేలపై వెదకిన అనుభవము నాకు కలదు.

భాగములను తెల్ల పెట్రోలులో కడుగుదురు. ఈ పని పొయ్యికి దూరముగ, గాలి ఆడుచోట, పెద్దల యెదుట జరుగవలెను. పాలెట్ రాళ్ళను లక్కతో అతికింతురు గనుక దానిని స్పిరిటులో నానవేయరాదు, లక్క కరగును. తిరిగి అమర్చునపుడు పై వంతెనను బిగించుటకు ముందు ప్రతి ఇరుసు తన రాతిలో కూర్చున్నదో లేదో చూడవలెను. చక్రములు స్వేచ్ఛగా తిరిగిననే స్క్రూ బిగింపదగును. గడియారపు నూనెనే సూదిమొనతో రవ్వంత పెట్టవలెను. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె పనికిరావు. సన్నని హెయిర్ స్ప్రింగునకు నూనె తగులనే రాదు.

నడక సాగిన తరువాత గంటకు అనేక నిమిషములు ముందునకు పోయినచో, హెయిర్ స్ప్రింగు చుట్లు అయస్కాంతముచేతనో నూనెచేతనో అంటుకొన్నవని అనుమానింపవలెను. స్పీకరు ప్రక్కన ఉంచిన గడియారమున ఇట్టి లోపము పుట్టవచ్చును.

చేయి కుదిరినపుడు తాతగారి గడియారమును తీయవచ్చును. దాని డయలుపై మరకలను తుడువబోకుడు, అంకెలుకూడ లేచివచ్చును. మరియొక జాగ్రత్త మిక్కిలి ముఖ్యము. 1960వ దశకమునకు పూర్వపు విదేశీ గడియారములు కొన్నింటికి చీకటిలో వెలుగుటకై రేడియము కలిపిన రంగు పూసిరి. వెలుగు పోయినను రేడియము పోదు. అది సగమగుటకే సుమారు 1,600 సంవత్సరములు పట్టును. అట్టి అంకెలను గీకరాదు, పొడిని ఊదరాదు. వెలుగు రంగు పూసిన పాత గడియారము మీ యింట ఉన్నచో, దానిని పిల్లల చేతికి విప్పుటకు ఇయ్యకుడు.