నడుముకు కొంగు కాదు, తాడు!

"ఈ వయసులో కొండకు యాలాడేదేందమ్మే?" అంది అత్తయ్య. నిజమే, ముప్పై ఎనిమిదేళ్లదాన్ని. తిరుపతి నుంచి చెన్నైకైనా ఒంటరిగా వెళ్లినదాన్ని కాదు. అయినా అమ్మాయి పట్టుబట్టడంతో హార్స్‌లీ హిల్స్‌లో మొదటిసారి రాపెలింగ్‌కి, అంటే తాడు పట్టుకుని బండ దిగడానికి, ఒప్పుకున్నాను.

అలిపిరి దారిలో 3,550 మెట్లూ ఎన్నోసార్లు ఎక్కిన కాళ్లు బండ అంచున మాత్రం గడగడా వణికాయి. నడుముకూ తొడలకూ బెల్టులు, తలకు హెల్మెట్, అసలు తాడుకు తోడుగా మరో తాడు. "వెనక్కి వాలండి మేడమ్, బండను హత్తుకుంటే కాలు జారుతుంది" అన్నాడు శిక్షకుడు. భయమేస్తే దేన్ని పట్టుకుంటామో దాన్నే వదిలెయ్యమంటాడేమిటి! దేవుడిమీద భారం వేసి వాలాను. పాదాలు బండమీద గట్టిగా నిలిచాయి.

అప్పుడు గుర్తొచ్చింది మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాలలో కూలీల బిడ్డ. భువనగిరి బండమీద నేర్చుకుని, 2014 మే 25న పదమూడేళ్లకే టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. 2022లో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది. ఆమెకూ మొదటి అడుగంటూ ఒకటి ఉండే ఉంటుంది కదా!

మీరూ వెళ్తే ఒక్కమాట. గర్భిణులు ఈ జోలికే పోవద్దు. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరునడగందే దిగొద్దు. చీర పనికిరాదు. బెల్టులు, ముడులు మీ కళ్లతో చూసుకోండి.

ఆ రాత్రి నా అరచేతులకు కొబ్బరినూనె రాస్తూ, "ఆడ్నించి ఏమేం కనపడతాయమ్మే?" అనడిగింది అత్తయ్య. ఈసారి ఆమెనూ తీసుకెళ్లాలి, చూడ్డానికైనా!