చంద్రమండలంలో పాటిదిబ్బ

పురావస్తువులు అనగానే మనకు జ్ఞాపకం వచ్చేవి పాటిదిబ్బలు, కుండపెంకులు, శిలాశాసనాలు. మట్టి తవ్వితేగాని అవి బయటపడవు. కాని తవ్వే పనిలేని పాటిదిబ్బ ఒకటి వున్నది. అది మనకు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరాన, చంద్రమండలంలో, ప్రశాంత సాగరమని పేరున్న మైదానంలో వున్నది.

1969 జూలై 20న అమెరికా వ్యోమగాములు నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, ఎడ్విన్ ఆల్డ్రిన్ అక్కడ దిగారు. నౌక వెలుపల వారు గడిపింది రెండున్నర గంటలే. వచ్చేటప్పుడు సుమారు 22 కిలోల రాళ్ళూ, మట్టీ తెచ్చుకున్నారు. బరువు తగ్గించుకోవటానికి, యిక పనికిరాని సామానంతా అక్కడే వదిలివేశారు. నౌక కింది భాగం, టెలివిజన్ కెమేరా, వీపున మోసిన ప్రాణవాయువు పెట్టెలు, బూట్లపై తొడుగులు - యిట్లా నూటికి పైగా వస్తువులు! వాటిలో ఒక చిన్న సంచీ కూడా వున్నది. అంతరిక్షంలోకి మొట్టమొదట వెళ్ళిన సోవియట్ వీరుడు గగారిన్ పేరిటా, 1967లో వ్యోమయాత్రలో మరణించిన కొమరోవ్ పేరిటా వున్న పతకాలు అందులో వున్నవి. రెండు దేశాలూ పంతం పట్టి పోటీపడిన ఆ రోజులలో, గెలిచినవారు ఎదుటివారికి చేసిన మర్యాద అది.

వీటన్నిటికంటె విలువైనవి ఆ పాదముద్రలు. అక్కడ గాలి లేదు, వాన లేదు. సన్నటి ఉల్కాధూళి రాలుతూ వుంటుంది గాని, దానివల్ల ఆ అడుగులు చెరిగిపోవాలంటే లక్షల ఏళ్ళు పడుతుంది.

మరి భయమెందుకు అంటారేమో. భయం మనిషివల్లనే! 1969 నవంబరులో అపోలో 12 నౌక, రెండున్నర ఏళ్ళ ముందు దిగిన సర్వేయర్ 3 అనే యంత్రానికి సుమారు 160 మీటర్ల దూరాన దిగింది. వ్యోమగాములు ఆ యంత్రపు కెమేరాను వూడదీసి భూమికి తెచ్చారు. పరీక్షించి చూస్తే, నౌక మంట ఎగజిమ్మిన ధూళి దానిని ఉప్పుకాగితంతో రుద్దినట్లు రుద్దివేసిందని తేలింది. గాలి లేనిచోట ఎగిరిన ధూళికి అడ్డేదీ? లోహానికే ఆ గతి పడితే, మట్టిలోని అడుగుల మాట వేరే చెప్పాలా?

యిక చట్టం సంగతి. 1967 నాటి అంతరిక్ష ఒడంబడిక ప్రకారం చంద్రునిమీది నేల ఏ దేశానికీ చెందదు. అక్కడ వదిలిన వస్తువులు మాత్రం పంపిన దేశానివే. చిక్కంతా యిక్కడే వున్నది. బూటుకు యజమాని వున్నాడు, బూటుముద్రకు లేడు! 2010లో కాలిఫోర్నియా రాష్ట్రం ఆ వస్తువులను తన చారిత్రక సంపద జాబితాలో చేర్చుకున్నది. వాటి కింది నేలను చేర్చుకోలేకపోయింది. 2011లో నాసా సంస్థ, ఆ చోటికి 75 మీటర్ల లోపలికి ఎవరూ రావద్దనీ, నౌకలు 2 కిలోమీటర్ల అవతల దిగాలనీ కోరింది. అది కోరికే గాని శాసనం కాదు. 2020 చివర అమెరికా చేసిన చట్టం కూడా నాసాతో కలసి పనిచేసేవారికే వర్తిస్తుంది. ఆ ఏడే మొదలైన ఆర్టెమిస్ ఒప్పందం యీ వారసత్వాన్ని కాపాడాలంటున్నది. 2023 జూన్‌లో మన దేశం దానిపై సంతకం చేసింది; రష్యా, చైనాలు చెయ్యలేదు.

యిది అమెరికావారి గొడవ, మనకెందుకని ఊరుకోవటానికి వీలులేదు. మన శ్రీహరికోటనుంచి బయలుదేరిన చంద్రయాన్-3, 2023 ఆగస్టు 23న చంద్రునిమీద దిగింది. ప్రజ్ఞాన్ అనే చిన్న బండి సుమారు 100 మీటర్లు నడిచి వదిలిన చక్రాల జాడలు అక్కడ వున్నవి. రేపు ఎవరి నౌకో పక్కనే దిగి వాటిని చెరిపివేస్తే, మనం ఏ కోర్టు గుమ్మం ఎక్కుతాం?

చంద్రునిమీదికి రాకపోకలు పెరగకముందే, అన్ని దేశాలూ కూర్చుని ఆ జాడలకొక యజమానిని నిర్ణయించటం మంచిది. ఆ యజమాని ఏ ఒక్క దేశమో కాక మానవజాతి అయితే, ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగూ, మన ప్రజ్ఞాన్ జాడా రెండూ క్షేమంగా వుంటవి.