నొక్కితే తెలియాలి

టీవీ రిమోట్ పాతబడితే ఇంటిల్లిపాదీ చేసే పని ఒకటుంది. ఛానెల్ మారకపోతే బటన్‌ని బొటనవేలితో ఇంకా అదిమి నొక్కుతారు. ఒక్కోసారి మారుతుంది కూడా. గట్టిగా నొక్కితే ఎందుకు పనిచేస్తుంది?

బ్యాటరీలు అయిపోవచ్చి రిమోట్ పలకకపోతే ఎంత బలంగా నొక్కినా లాభం లేదు. వేలి బలం సెల్లులోకి వెళ్లదు. బటన్ అడుగున మకిలి చేరి పలకకపోతే మాత్రం గట్టిగా నొక్కడం నిజంగానే వైద్యం. ఏది కారణమో కనిపెట్టడం తేలిక. అన్ని బటన్లూ ఒకేసారి మొరాయిస్తే ముందు బ్యాటరీని అనుమానించాలి. వాల్యూమ్, ఛానెల్ లాంటి ఎక్కువ వాడే బటన్లు మాత్రమే మొరాయిస్తే మకిలిని.

ఆ మకిలి ఎక్కడిదో తెలియాలంటే రిమోట్ విప్పి చూడాలి. బటన్లన్నీ కలిపి ఒకే రబ్బరు పలక. దాన్ని తిరగేస్తే ప్రతి బటన్ అడుగునా చిన్న నల్లటి బిళ్ల కనిపిస్తుంది. అది కార్బన్ కలిపిన రబ్బరు, కరెంటుని పోనిస్తుంది. ఎదురుగా సర్క్యూట్ బోర్డు మీద రెండు దారులు పళ్లు పళ్లుగా సాగి, ఒకదాని సందుల్లోకి ఒకటి చొచ్చుకుని, ఎక్కడా తగలకుండా ఆగి ఉంటాయి. నొక్కినప్పుడు నల్ల బిళ్ల ఆ రెండింటి మీదా పడి వాటిని కలుపుతుంది. బటన్ చేసే విద్యుత్తు పని అంతే.

ఆ పలక సిలికోన్ రబ్బరు. ఏళ్లు గడిచేకొద్దీ దాన్నుంచి నూనెలాంటి పదార్థం కొద్దికొద్దిగా ఊరి, బోర్డు మీద కంటికి ఆనని పొరలా పరుచుకుంటుంది. చేతి జిడ్డు, దుమ్ము దానికి తోడవుతాయి. కార్బన్ బిళ్ల రాగి తీగలా కరెంటుని ధారాళంగా పోనిచ్చేది కాదు, దానికి నిరోధం ఎప్పుడూ కాస్త ఎక్కువే. పైన ఈ పొర కూడా చేరితే రిమోట్‌లోని చిప్ 'ఎవరూ నొక్కలేదు' అనుకుంటుంది. అదిమి నొక్కితే బిళ్ల ఇంకా చదునై ఎక్కువ మేర ఆనుతుంది, నిరోధం తగ్గుతుంది, చిప్‌కి కబురు అందుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూదితో బోర్డునీ బిళ్లల్నీ సున్నితంగా తుడిచి ఆరనిస్తే చాలా రిమోట్లు మళ్లీ బాగా పనిచేస్తాయి. బ్లేడుతోనో గరుకు కాగితంతోనో గీకవద్దు. చాలా బోర్డుల మీద ఆ దారులకి ఉండేదీ పలచటి కార్బన్ పూతే, లేచిపోతే మళ్లీ రాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. బిళ్ల వెళ్లి బోర్డుకి తగలాలంటే ఒక స్ప్రింగు చాలు కదా? రబ్బరు పలకలో ప్రతి బటన్ చుట్టూ పలచటి వాలు గోడ ఒకటి ఉంటుంది, అది ఎందుకు?

కుట్టు మిషన్‌లో నూనె వేసే డబ్బా అడుగుని నొక్కిన వాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. మొదట రేకు ఎదురు తిరుగుతుంది, ఒక హద్దు దాటగానే 'టక్'మని లోపలికి పోతుంది. రిమోట్ బటన్ గోడ కూడా అంతే. వేలి బరువు, ఉదాహరణకి, 120 గ్రాములకి చేరేదాకా గోడ నిలబడుతుంది. ఆ తరవాత ఒక్కసారిగా మడత పడుతుంది, ఎదురు బలం 60 గ్రాములకి పడిపోతుంది. వేలు అప్పటికే 120 గ్రాముల జోరులో ఉంది కాబట్టి సగంలో ఆగలేదు, అడుగుదాకా వెళ్లిపోతుంది. ఈ ఏర్పాటులోని తెలివంతా అక్కడుంది. వేలికి 'టక్' తెలిసిందంటే బిళ్ల బోర్డుకి తగిలినట్టే. నా లెక్కలో మంచి బటన్‌కి కొలత ఇదొక్కటే: వేలికి తెలిసిన క్షణం, సర్క్యూట్‌కి తెలిసిన క్షణం ఒకటి కావాలి. మకిలి పట్టిన రిమోట్ చిరాకు పెట్టేది కూడా అందుకే. వేలికి జవాబు వస్తుంది, టీవీకి కబురు పోదు.

ఆ బలం ఎంత పడిపోవాలనేది తయారీదారుల బేరం. పతనం ఎక్కువైతే నొక్కు స్ఫుటంగా ఉంటుంది, కానీ పలచటి గోడ త్వరగా చిరుగుతుంది. గోడ మందం చేస్తే ఏళ్లు మన్నుతుంది, నొక్కితే మాత్రం మొద్దుగా ఉంటుంది. చాలామంది సగానికి అటూ ఇటూ స్థిరపడతారు. ఫోన్ పక్కనున్న బటన్లలో, వాషింగ్ మెషిన్ ప్యానెల్లో రబ్బరు గోడకి బదులు చిన్న స్టీలు గుబ్బ ఇదే పని చేస్తుంది. పావు మిల్లీమీటరు కదలికలోనే 'టిక్'.

ఆఫీసుల్లో ఉండే మామూలు కీబోర్డు మరో రకం. పైన రబ్బరు గుబ్బలు, కింద మూడు ప్లాస్టిక్ షీట్లు. పై షీటు మీదా కింది షీటు మీదా వెండి సిరాతో గీసిన దారులు, మధ్య షీటులో కంతలు. గుబ్బ కూలి పై షీటుని కంతలోంచి కింది షీటుకి తాకిస్తే అక్షరం పడుతుంది. చవక, దుమ్ముకీ ఒలికిన టీకీ కాస్త ఓర్చుకుంటుంది. లోపం ఏమిటంటే కాంటాక్టు అట్టడుగునే జరుగుతుంది కాబట్టి ప్రతి అక్షరానికీ వేలు నేలదాకా వెళ్లి ఢీకొట్టాలి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో తెలుగు కొట్టేవాళ్లకి 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికే ఆరు నొక్కులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. రోజంతా పేజీలు కంపోజ్ చేసే డీటీపీ ఆపరేటర్ వేళ్ల కోసమైనా మంచి మీటల గురించి మనం పట్టించుకోవాలి.

ఆ మంచి మీట కోసం ఐబీఎంలో రిచర్డ్ హంటర్ హారిస్ అనే ఇంజినీరు చేసిన ఆలోచన నాకు ఎంతో ఇష్టం. దానికి 1978లో పేటెంట్ వచ్చింది. మీట కింద నిలువుగా ఒక సన్నటి స్ప్రింగు. నొక్కుతూ పోతే అది కుదించుకుంటుంది, ఒక దశలో నిటారుగా నిలవలేక పక్కకి వంగిపోతుంది. వంగుతూ తన పాదం దగ్గరున్న చిన్న సుత్తిని తిప్పుతుంది. ఆ సుత్తే అక్షరాన్ని నమోదు చేస్తుంది. స్ప్రింగు గోడకి తగిలి చప్పుడూ చేస్తుంది. వేలికి తెలియడం, చెవికి వినపడడం, అక్షరం పడడం మూడూ ఒకే వస్తువు చేసే ఒకే కదలిక. వేరే భాగం పెట్టి చప్పుడు అతికించలేదు. 1985లో వచ్చిన ఐబీఎం మోడల్ ఎమ్ కీబోర్డులు కొన్ని ఇవాళ్టికీ వాడుకలో ఉండడం నాకు ఆశ్చర్యం కాదు.

జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ ఎమ్‌ఎక్స్ స్విచ్‌లది మరో దారి. వీటిలో ప్రతి మీటా విడి స్విచ్. లోపల బంగారు పూసిన రెండు రేకులు. మధ్యలో దిగే ప్లాస్టిక్ కాడ ఒక రేకుని వెనక్కి నెట్టి పట్టుకుంటుంది. కాడ సుమారు 2 మిల్లీమీటర్లు దిగాక దాని వాలు తప్పుకుంటుంది, రేకు ముందుకొచ్చి రెండోదాన్ని తాకుతుంది. మీట మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, అంటే అక్షరం సగం దారిలోనే పడుతుంది, అడుగుని గుద్దక్కర్లేదు. ఎర్ర రకంలో కాడ నున్నగా దిగుతుంది. గోధుమ రంగు దానిలో కాడకున్న చిన్న గుబ్బ వేలికి తెలుస్తుంది. నీలంలో టిక్ మనడానికి విడిగా ఒక తొడుగు ఉంటుంది. నీలంలో ఇంకో సంగతి: అక్షరం పడిన చోటుకన్నా కాస్త పైకి లేస్తేగాని స్విచ్ వదలదు. ఈ ఎడం వల్ల వేలు హద్దు దగ్గర వణికినా అక్షరం రెండుసార్లు పడదు.

రెండుసార్లు పడడం అసలు ఎందుకు? లోహం లోహాన్ని తాకినప్పుడు ఒక్కసారిగా అతుక్కోదు. తాకి, ఎగిరి, మళ్లీ తాకుతుంది. కొన్ని మిల్లీసెకన్లలో అనేకసార్లు. మనకి అది ఒక్క నొక్కు, చిప్‌కి డజను నొక్కులు. అందుకని చిప్‌లోని ప్రోగ్రామ్ మొదటి తాకుడు చూశాక 5 నుంచి 20 మిల్లీసెకన్లు ఓపిక పట్టి, గొడవ సద్దుమణిగాక లెక్క వేస్తుంది. పాత మౌస్ ఒక్క క్లిక్కుకి రెండు క్లిక్కులు కొడుతోందంటే, లోపలి రేకు అలిసిపోయి ఆ ఓపిక గడువు దాటి ఎగురుతోందన్నమాట. మౌస్‌లో ఉండే మైక్రోస్విచ్‌కి ఆద్యుడు అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం ఫ్రీపోర్ట్‌లో పనిచేసిన పీటర్ మెక్‌గాల్, 1932లో. వంచి పెట్టిన స్ప్రింగు రేకు హద్దు దాటగానే తనంతట తనే అవతలికి దూకుతుంది కాబట్టి, మనం మెల్లిగా నొక్కినా గబుక్కున నొక్కినా కాంటాక్టు ఒకే వేగంతో పడుతుంది. మైక్రోవేవ్ ఓవెన్ తలుపు మూసుకుందో లేదో కనిపెట్టేదీ ఈ జాతి స్విచ్చే.

స్పేస్ బార్ ఒక చివర నొక్కినా మొత్తం సమంగా ఎలా దిగుతుంది? దాని కింద రెండు కొసలూ వంచిన సన్నటి స్టీలు తీగ ఉంటుంది. కొసలు మీట రెండు చివర్లకీ తగిలించి ఉంటాయి, మధ్య భాగం క్లిప్పుల్లో తిరుగుతుంది. ఒక చివర దిగితే తీగ తిరిగి రెండో చివరనీ కిందికి లాగుతుంది. ఈ తీగకి పూసిన గ్రీజు ఎండిపోతే స్పేస్ బార్ గలగలమంటుంది. చిన్న బటన్లకి తీగ అక్కర్లేదు గాని, చట్రంలో వాటికి దొరికే పట్టు లోతు వెడల్పుకన్నా బాగా తక్కువైతే అంచు మీద నొక్కినప్పుడు ఒరిగి ఇరుక్కుపోతాయి.

కీబోర్డులోని 104 మీటల నుంచి చిప్‌కి 104 తీగలు లాగరు. 8 అడ్డ వరసలు, 13 నిలువు వరసలు వేస్తే 21 తీగలతో సరిపోతుంది. చిప్ వరసలని ఒక్కొక్కటిగా తడుముతూ ఉంటుంది.

పలచదనం మీద మోజుతో నొక్కుని బలిపెడితే ఏమవుతుందో ఆపిల్ చూపించింది. 2015లో 12 అంగుళాల మ్యాక్‌బుక్‌తో వచ్చిన 'బటర్‌ఫ్లై' మీటలు దాదాపు అర మిల్లీమీటరే దిగేవి. అంత ఇరుకులో చిన్న దుమ్ము రేణువు దూరినా మీట ఇరుక్కోవడమో, ఒకటికి రెండు అక్షరాలు పడడమో జరిగేది. 2019 చివర్లో కంపెనీ మీట కింద రెండు ముక్కలు కత్తెరలా అడ్డంగా కలిసే పాత పద్ధతికి మళ్లడం మొదలుపెట్టింది. కొన్నవాళ్లు వేసిన దావా 2022లో 5 కోట్ల డాలర్ల రాజీకి వచ్చింది.

నొక్కినవాడికి తెలియడం అన్నిటికన్నా ముఖ్యమైన చోటు ఓటింగు యంత్రం. వీటిని చేసేవి రెండు ప్రభుత్వ సంస్థలు, హైదరాబాదులోని ఈసీఐఎల్, బెంగళూరులోని బీఈఎల్. 1982లో కేరళలోని పరవూరులో మొదట వాడారు, 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతా వచ్చాయి. ఇక్కడ నొక్కేది ఏ సాధనా లేని వేలు, అదీ ఒకే ఒక్కసారి. అందుకని జవాబుని ఒక్క స్పర్శకే వదిలేయలేదు. నీలం బటన్ నొక్కగానే గుర్తు పక్కన ఎర్ర దీపం వెలుగుతుంది, బీప్ వినపడుతుంది, వీవీప్యాట్ అనే పెట్టె గాజు వెనక ఓటు చీటీ 7 సెకన్లు కనపడుతుంది. తరవాత ఎన్నిసార్లు నొక్కినా, అధికారి తన దగ్గరున్న యూనిట్‌లో 'బ్యాలట్' బటన్ నొక్కేదాకా ఇంకో ఓటు పడదు. ఒక్కో బ్యాలట్ యూనిట్‌కి 16 బటన్లు, వాడనివాటికి మూత వేస్తారు. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేస్తే, నోటాతో కలిపి 186 బటన్ల కోసం 12 యూనిట్లు వరసగా కలిపారు.

అదే యంత్రంలో పొరపాటున కూడా ఎవరూ నొక్కకూడని బటన్ ఒకటుంది, ఫలితం చూపేది. దాన్ని మూత కింద పెట్టి, మీద ఆకుపచ్చ కాగితపు సీలు వేస్తారు. పోలింగ్ ఏజెంట్లు దాని మీద సంతకాలు పెడతారు. లెక్కింపు రోజున ఆ కాగితాన్ని చించుకుని లోపలికి వెళ్తేగాని బటన్ వేలికి అందదు.