దారి ప్రమాదములు - దెబ్బతిన్నవారి హక్కులు

గుడివాడనుండి ముదినేపల్లి మీదుగా కైకలూరు పోవు బాట మీరెరిగినదే. చేపల చెరువులనుండి బయలుదేరు లారీలు, మంచు కరుగకమున్నే సరకు దూరదేశములు చేరవలెనని యా బాటపై వడిగా పరుగిడుచుండును. ఆ వడికి బలియగువారు కాలినడకవారును, సైకిలువారును.

కొన్నియేండ్ల క్రిందట మా యూరి కూలి యొకని నట్టి లారీ యొకటి కొట్టగా కాలు విరిగెను. మరునాడే పెద్దమనుష్యులము రావిచెట్టు క్రింద కూర్చుంటిమి. వారిలో నేనును నొకడను. డ్రైవరు పేదవాడు, బిడ్డలు గలవాడు, కేసేలయని జాలిపడి, ఇరువదివేల రూపాయలకు రాజీ కుదిర్చి, గాయపడినవాని వ్రేలిముద్ర కాగితముపై వేయించితిమి. ఆ సొమ్ము శస్త్రచికిత్సకే చాలలేదు. అతడు మరల నాట్లకు దిగలేదు. జాలిపడుట తప్పుగాదు, చట్ట మెరుగకుండుటయే తప్పు.

మే మెరుగనిది మొదట నిది: 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము దారినబోవువారికి కలుగు నష్టమునకై ప్రతి బండికిని బీమా యుండి తీరవలెను. కావున నష్టపరిహారము సాధారణముగా బీమాకంపెనీయే చెల్లించును గాని డ్రైవరు ఇల్లు గుల్లగాదు.

రెండవది: డ్రైవరుపై పోలీసులు పెట్టు కేసు వేరు, పరిహారపు దావా వేరు. దావాలను విచారించు ట్రిబ్యునళ్లు 1939 నాటి చట్టమునకు 1956లో జరిగిన సవరణవలన ఏర్పడినవి. క్రిమినలు కోర్టులో డ్రైవరు విడుదలయైనంతమాత్రమున దావా చెడదు. గాయపడినవాడు తాను కాపురముండు ప్రాంతపు ట్రిబ్యునలులోనే దావా వేయవచ్చును.

మూడవది: పరిహారమనగా మందుల ఖర్చు మాత్రమే కాదు. పోయిన కూలి, ముందు పోబోవు సంపాదన, పడిన బాధ, అన్నియు లెక్కకు వచ్చును. రాజ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు, వైద్యుడు వ్రాసిన అంగవైకల్యపు శాతము నటులే గైకొనక, ఆ వైకల్య మతని వృత్తి నెంతవరకు చెరచినదో చూడవలెనని నిర్ణయించెను. కాలు పోయిన గుమాస్తా కుర్చీలో కూర్చుండి వ్రాయగలడు. కాలు పోయిన వ్యవసాయకూలి బురదలో దిగగలడా?

తప్పెవరిదని ఋజువుచేయకయే, మరణమునకు 5 లక్షలును, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలును కోరు మార్గము 2022 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. ఎముక విరుగుట తీవ్రగాయమే. కొట్టిన బండి ఏదో తెలియక పోయినను, మరణమునకు 2 లక్షలును, తీవ్రగాయమునకు 50,000 రూపాయలును ప్రభుత్వ పథకముక్రింద లభించును.

ఇక చేయవలసిన పనులు. మొదట 108కి కబురు చేయుడు. 2025 మేలో ప్రకటింపబడిన పథకముచే, ప్రమాదమునాటినుండి ఏడుదినములవరకు, లక్షన్నర రూపాయలకు మించకుండ, ఆ పథకములో చేరిన ఆసుపత్రులలో సొమ్ము కట్టకయే చికిత్స పొందవచ్చును. మంచిమనసుతో గాయపడినవానిని మోసికొనిపోయిన వానిపై కేసు పెట్టరాదనియు, వాని పేరు చెప్పుమని నిర్బంధింపరాదనియు చట్టమే చెప్పుచున్నది, భయపడి తొలగిపోకుడు. బండి నెంబరు వ్రాసికొనుడు. పోలీసుస్టేషనులో ఫిర్యాదుచేసి ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితముగా పుచ్చుకొనుడు. ఆసుపత్రి కాగితములు, మందుల రసీదులు ఒక్కటియు పారవేయకుడు. పోలీసులు తమ నివేదికను ట్రిబ్యునలుకు పంపవలసియున్నను, దానినే నమ్మి యూరకుండక, ఆరుమాసములలోపల దావా వేయుడు. గడువు దాటినవారును నిరాశచెందక న్యాయవాది నడుగవలెను. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, స్వల్పాదాయము గలవారికి న్యాయసేవాధికారసంస్థ వకీలును ఉచితముగా నిచ్చును.

పెద్దలారా, రాజీ చేయుట మన యూళ్ల మంచి యాచారము. గట్టు తగవునకు, నీటి తగవునకు నది తగును. విరిగిన కాలి వెల మాత్రము, కట్టు విప్పకమున్నే చెట్టుక్రింద మనము కట్టరాదు. ఇకమీదట మీ యెదుటికట్టి కాగితము వచ్చినచో, వ్రేలిముద్రకు ముందు వకీలు మాట విననిండు.