గడప దాటని కుక్కపిల్ల

శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో ప్రారంభమైన నాటినుండి ఈ ప్రాంతమున రాత్రింబవళ్లు విమానముల రొదయే. మేము దానికి అలవాటుపడితిమి గాని, మా ఇంటి చిన్న పామరేనియన్ కుక్క అలవాటుపడలేదు. పెరటిలో ఒంటరిగా విడిచితిమా, తలుపు గీరుచు మూలుగుచుండెడిది.

మొండితనమనుకొని గడియ వేసితిమి. భయము రెట్టింపైనది. తప్పు మాదే. మనిషి చెవికి 20,000 హెర్ట్జుల వరకే వినిపించును. కుక్కకు 40,000 దాటిన ధ్వనులును వినిపించును. పైగా వేల యేండ్లుగా మనిషి చెంత మసలిన జీవికి ఒంటరితనమే శిక్ష. దాని భయములో కొంత న్యాయమును కలదు: 2024 మేలో విమానాశ్రయ ప్రాంతముననే ఒక చిరుతపులి బోనులో చిక్కినది. చీకటివేళ చిన్న కుక్కను బయట విడువరాదు.

పిదప పగటిపూట మేమే దానితో పెరటిలో కూర్చుంటిమి. తలుపు తెరచియుంచి, ఒక అడుగు లోనికి వేసి, అది మూలుగకముందే తిరిగి వచ్చితిమి. క్షణములు క్రమముగా నిమిషములైనవి. బెదిరిననాడు తిట్టక, మరల క్షణములతోనే మొదలిడితిమి.

ఇప్పుడది విమానమును తలయెత్తి చూచును. ఒక చెవి మాత్రము గడపవైపే యుంచును. ఆ మాత్రము మనము సహింపవలదా?