పాట యెవరి సొత్తు?

వార్షికోత్సవమునకు పాటలు ఎన్నుకొను వేళ, "ఈ సినిమాపాట మన పిల్లలు పాడవచ్చునా? ఎవరైన అభ్యంతరము చెప్పుదురా?" అని తల్లిదండ్రులు కొందరు మమ్ము అడుగుచున్నారు. దీనికి సమాధానము చెప్పవలెనన్న, ముందు పాట యెవరిదో తేల్చుకొనవలెను.

పాటకు మాట కవిది, బాణీ సంగీత దర్శకునిది, గాత్రము గాయకునిది, ధనము నిర్మాతది. మన కాపీరైటు చట్టము 1957 నాటిది. డబ్బిచ్చి చేయించుకొన్న సినిమాపాటకు, వేరు ఒడంబడిక లేనియెడల, నిర్మాతయే తొలి హక్కుదారుడని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. గాయకునికి ఏ హక్కును లేకపోవుట మన సంప్రదాయమునకు తగదని ఆ ధర్మాసనములోని కృష్ణయ్యరుగారు వేరుగా వ్రాసిరి. గాయకులకు 1994లో కొంత రక్షణ కలిగినది. 2012 సవరణ మరింత ముఖ్యము. పాట సినిమాహాలు వెలుపల వినియోగమైనప్పుడు కవికిని సంగీత దర్శకునికిని రాయల్టీలో సమభాగము రావలెను. వారసులకో హక్కుల సంఘమునకో తప్ప ఇతరులకు దానిని వ్రాసియిచ్చినను చెల్లదు.

తెలుగువారికి ఈ చిక్కు బాగుగా తెలిసివచ్చినది 2017లో. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు అమెరికాలో కచేరీలు చేయుచుండగా, తమ అనుమతి లేక తమ పాటలు పాడరాదని ఇళయరాజాగారి పక్షమున నోటీసు వచ్చినది. బాలుగారు ఆ పాటలు మాని కచేరీలు సాగించిరి. 2019లో ఇరువురును మరల ఒకే వేదిక నెక్కిరి. వినువారికి అది బాలు పాట. కట్టినవారికి తమ బాణీ. ఇందు ఎవరిది తప్పనుటకును మాకు నోరు రాదు.

పశ్చిమ దేశములందును ఇదే తగవు. 1967లో ఇంగ్లాండున ప్రోకల్ హారమ్ అను బృందము 'ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్' అను పాట వెలువరించినది. కలలో విన్నట్లుండు ఆ సంగీతమును సైకెడెలిక్ రాక్ అందురు. ఆ పాటకు గుర్తు మాథ్యూ ఫిషర్ వాయించిన ఆర్గాన్ స్వరములే. కర్తలుగా మాత్రము గారీ బ్రూకర్, కీత్ రీడ్ పేర్లే వేసిరి. ఫిషర్ 2005లో దావా వేయగా, 2009లో ప్రభువుల సభ సంగీతములో 40 శాతము అతనిదే యని తేల్చినది. మన సినిమాపాటలలో వేణువు వాయించిన వారి పేర్లు మనలో నెందరికి తెలియును?

మన గనులు 2001లో మూతపడినవి గాని, మన ఊరి పేరు సినిమా మూలమున దేశమెల్ల తిరిగినది, కోర్టుకును ఎక్కినది! 'కె.జి.ఎఫ్. చాప్టర్ 2' పాటలను భారత్ జోడో యాత్ర దృశ్యములకు జోడించిరని 2022లో బెంగుళూరు ఎమ్మార్టీ మ్యూజిక్ సంస్థ దావా వేసినది. క్రింది కోర్టు కాంగ్రెసు పక్షపు ట్విట్టరు ఖాతానే నిలుపుమన్నది. ఆ దృశ్యములు తీసివేయవలెనను షరతుతో హైకోర్టు ఆ ఉత్తరువును రద్దుచేసినది.

ఇక మన పిల్లల సంగతి. పాఠశాల కార్యక్రమములో విద్యార్థులును ఉపాధ్యాయులును పాడినను, రికార్డు వినిపించినను, చూచువారు తల్లిదండ్రులు, పాఠశాలతో సంబంధము గలవారు మాత్రమే యైనచో, 52వ సెక్షను ప్రకారము ఎవరి అనుమతియు అక్కరలేదు. ఆ నృత్యమునే ఫోనులో తీసి యూట్యూబులో పెట్టినచో ఈ మినహాయింపు వెంట రాదు. త్యాగరాజ కీర్తనల మాట వేరు. కర్త మరణించిన 60 ఏండ్లకు హక్కు ముగియును. ఆయన 1847లోనే సిద్ధిపొందిరి. అయినను నేటి విద్వాంసుని రికార్డు పెట్టి పిల్లల నాడించినచో ఆ రికార్డుకు హక్కుదారు వేరొకరుందురు. పిల్లలే పాడి, హార్మోనియము మన సంగీతపు మాష్టారే వాయించినచో, ఆ వీడియో ఎక్కడ పెట్టినను పేచీ లేదు.