పాత గాలిమరలు: కొనుటకు ముందు చేయవలసిన పరీక్ష



పలాస ప్రాంతపు సభ్యులొకరు గత మాసమున మా యొద్దకు వచ్చి, విద్యుచ్ఛక్తిని పుట్టించు పాత గాలిమర యొకటి చౌకగా దొరకునని దళారి చెప్పుచున్నాడనియు, సంఘము పక్షమున దానిని కొని తోటలకు నీరు తోడుకొనవచ్చునా యనియు నడిగిరి. సంఘపు సొమ్ము పలువురి సొమ్ము గనుక జవాబును పత్రికలోనే యిచ్చుచున్నాము.

1990 తరువాతి దశకమున అప్పటి అనంతపురము జిల్లాలోని రామగిరి కొండలపై గాలిమరలు నిలిపిరి. తమిళనాట ముప్పందల్ కనుమయొద్దను ఆ కాలపువి పెక్కు గలవు. ఇట్టి యంత్రమునకు సాధారణముగా 20 సంవత్సరముల ఆయువు నిర్ణయింతురు. పాతవానిని దించి ఆ చోటనే పెద్దవానిని నిలుపుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో ఒక విధానమును ప్రకటించి, 2023లో సవరించినది. దించినవి బజారునకు వచ్చుట సహజమే.

అలమండ సంతలో ఎద్దును కొనువాడు పండ్లు చూడక, నాలుగడుగులు నడిపింపక బయానా ఇచ్చునా? దీనికిని పండ్లే ముఖ్యము. రెక్కల నెమ్మది తిరుగుడును జనరేటరునకు వేగముగా మార్చునది గేరుపెట్టె. దాని నూనెను సీసాలో పట్టి చూడవలయును. లోహపు రజను మెరసినచో పండ్లో బేరింగులో అరుగుచున్నవని యర్థము. సన్నని గొట్టపు కెమెరాను లోనికి పంపి పండ్లను కంటితో చూచు పద్ధతియు గలదు.

రెక్కలు గాజునారతోను రెసినుతోను చేసినవి. కుండను కొనునపుడు వ్రేలితో మ్రోగించినట్లు వీనిని చిన్న సుత్తితో తట్టి చూతురు. మొద్దు శబ్దము వచ్చిన చోట పొరలు విడిపోయి యుండును. పిడుగు మచ్చలు, మొదటి బోల్టుల త్రుప్పు, స్తంభపు అతుకుల నెఱ్ఱెలు చూడవలయును. యంత్రము నాపి, రెక్కలు కదలకుండ బిగించి, కరెంటు తీసిన పిమ్మటనే, ఒడలంతటికిని రక్షణ పట్టాలు గట్టుకొనిన శిక్షితుడే యెక్కవలయును. మన కుఱ్ఱవాండ్రను కొబ్బరిచెట్టెక్కించినట్లు ఎక్కింపరాదు.

అన్నిటికంటె ముందు కాగితములు: నెలనెల ఎన్ని యూనిట్లు పుట్టినది, ఏ భాగము ఎప్పుడు మార్చినది. గాలికాలపు యూనిట్లు ఏటేట తగ్గినచో కారణ మడుగుడు.

దళారి చెప్పనివి మూడు. పునాది వెంట రాదు, క్రొత్తది పోయించవలయును. దించుటకును ఎత్తుటకును పెద్ద క్రేను కూలి యంత్రపు వెలతో పోటీపడును. ఆ కాలపు మరలలో పెక్కు విద్యుత్తు లైనుతో కలిపిననే పనిచేయును. తోటలోని మోటారునకు నేరుగా తగిలించిన తిరుగవు.

ఉప్పుగాలి సంగతి వేఱుగ చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు తిత్లీ తుపానునకు ఉద్దానములో కొబ్బరులు, జీడిమామిళ్లు ఎట్లు కూలినవో మీరే చూచితిరి. 20 ఏండ్లు అలసిన ఇనుప స్తంభమును అచట నిలుపుమని మేము చెప్పజాలము.

యూనిట్ల లెక్కలు తెమ్మని దళారికి కబురు పంపితిమి. నెల గడచినది, ఇంకను రాలేదు.